మాక్రోల మీద పగబట్టిన బావగారు

లిఫ్టు ఆగిపోయినా, కాఫీ చల్లారిపోయినా, పక్కింటివాళ్ల పెళ్లి సంబంధం తప్పిపోయినా దానికి కారణం మాక్రోయేనని నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ తన అక్క మొగుడే కావడం తన నుదుట రాసి ఉందని ఆయన మరదలు అంటూ ఉంటుంది. రాసినవాడు కూడా మాక్రోగానే రాసి ఉంటాడని, అందుకే నీ బాధ ఎక్కడ మొదలైందో ఎవరికీ అంతుచిక్కదని ఆయన జవాబు.

ఇద్దరూ పనిచేసేది ఒకే కంపెనీలో. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలో, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే చిన్న పెట్టె ఒకటి ప్రతి లిఫ్టుకూ ఉంటుంది. ఆ పెట్టెకు బుద్ధి చెప్పే ప్రోగ్రాములు రాయడం అక్కడి పని. సీ అనే పాత భాషలో రాస్తారు. ఆయన అక్కడ చేరి ఇరవై ఆరేళ్లు. ఆమె చేరి నాలుగేళ్లు, అదీ ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద. ఇద్దరి బల్లలకూ మధ్య ఛాతీ ఎత్తు అట్టగోడ ఒకటుంది. ఆ గోడ మీదుగా బట్టతల ఒకటి ఉదయించిందంటే, ఎక్కడో ఎవరో మాక్రో రాశారన్నమాటే.

ఈ పగ ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ప్రోగ్రాములో కొన్ని అంకెలు మారకుండా ఉంటాయి. తలుపు తెరిచి ఉంచే సమయం అలాంటిది. దాన్ని ఒట్టి అంకెగా రాసి పారేస్తే ఆరు నెలలకు రాసినవాడికే అదేమిటో గుర్తుండదు. అందుకని దానికో పేరు పెడతారు. పేరు పెట్టడానికి ఆయన లెక్కలో దారులు రెండు. ఒకటి, డిఫైన్ అనే మాటతో మొదలయ్యే మాక్రో. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలరు నిద్ర లేవకముందే ఇంకొక మహానుభావుడు వచ్చి, ఆ పేరు కనిపించిన ప్రతిచోటా దాని బదులు రాసి ఉన్నదాన్ని అంటించేసి పోతాడు. గోడలకు పోస్టర్లు అంటించేవాడు అందులో ఏముందో చదువుతాడా? ఇతనూ అంతే. రెండోది ఎనమ్. అందులో పేర్లన్నీ ఒక కుటుంబంలా వరసగా కూర్చుంటాయి. కంపైలరుకు ప్రతి పేరూ, దాని విలువా తెలుసు. రేపు ఏదైనా తేడా వచ్చి తెర మీద వెతుక్కుంటే, ఒట్టి మూడు అని కాకుండా ‘తలుపు మూసుకుంటోంది’ అని పేరే కనిపిస్తుంది.

"మాక్రో అంటే ఎవరనుకున్నావు?" అని ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆయన అడిగారు. తాగే నీళ్లు ఎక్కడుంటాయో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. "పిలవని పెళ్లికొచ్చి, అందరికంటే ముందు భోంచేసి పోయేవాడు. తర్వాత ఫోటోలన్నీ తిరగేసినా ఎక్కడా కనబడడు. అదే ఎనమ్ అయితే చివరిదాకా ఉండి కుర్చీలు కూడా సర్ది పోతుంది."

ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన ఎనమ్‌గారే. కొత్తగా చేరినవాళ్లు ఒకరిద్దరు అదే ఇంటిపేరనుకున్నారు.

మరదలు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ముప్పావు సెకనును ఎనమ్‌లో పెట్టి చూపించమనేది. పెట్టలేరు, ఎనమ్ పూర్ణ సంఖ్యలనే మోస్తుంది. ప్రోగ్రాములో కొత్త లిఫ్టుకు ఒక ముక్క, పాత లిఫ్టుకు ఒక ముక్క ఏరిపెట్టేది ఆ పోస్టర్ల మనిషే కదా, అతనికి ఎనమ్ అంటే ఎవరో తెలియదు కదా, అప్పుడేం చేస్తావు బావా అని అడిగేది. ఆయన ఒక నిమిషం గడ్డం గోక్కుని, ఊళ్లో ఒకరిద్దరు దొంగలు లేకపోతే పోలీసుల ఉద్యోగాలు నిలబడవని, ఆ మేరకు మాక్రోలను తానూ భరిస్తానని సెలవిచ్చేవారు. భరించడమంటే మరుసటి రోజు ఉదయం మళ్లీ అట్టగోడ మీద ఉదయించడం.

ఆయన వేసే నింద ఎప్పుడూ మాక్రోల మీదే. పరీక్షించే విభాగంవాళ్లు తప్పు పట్టుకొస్తే, రాసినవాడి మొహం పాలిపోయి ఉంటే, ఈయన మధ్యలో దూరి, వాడేం చేస్తాడు పాపం, మాక్రో చేతిలో పడ్డాడు అనేవారు. ఒకసారి ఆ ప్రోగ్రాములో వెతికితే మాక్రో ఒక్కటీ లేదు. అదెక్కడో దాక్కుని ఉంటుందని, దానికదే అలవాటని ఆయన ఏమాత్రం తొణక్కుండా చెప్పారు.

ఏడాదిన్నర కిందట ఆయన పిచ్చి ముదిరింది.

పాత ప్రోగ్రాముల్లో పదకొండు వందల చిల్లర మాక్రోలున్నాయి. అన్నిటినీ ఎనమ్‌లుగా మార్చనివ్వమని ఆయన చాలాకాలంగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. నడుస్తున్న లిఫ్టును కదపొద్దని పైవాళ్లు తిప్పికొడుతూనే ఉన్నారు. సరే, మార్చొద్దన్నారు గానీ, లైను చివర కామెంటు రాయొద్దని ఎవరూ అనలేదు కదా. కామెంటంటే మనుషుల కోసం రాసుకునే మాట, యంత్రం దాన్ని పట్టించుకోదు. ఆయన మొదటి మాక్రో దగ్గర కూర్చుని దాని చివర ఒక కామెంటు పెట్టారు. రెండోదానికి రెండోది. పదకొండు వందలకూ పెట్టారు. ‘దీనికి ఇంటిపేరు లేదు.’ ‘ఎవరి బిడ్డో, ఎనమ్‌లో ఉండాల్సింది.’ ‘మళ్లీ నువ్వేనా.’ కొత్తగా ఎవరు మాక్రో రాసినా వారం తిరక్కుండా దాని చివర ఒక దెప్పిపొడుపు మొలిచేది. ఆఫీసంతా పొద్దున్నే వచ్చి ఆ రోజు కామెంట్లు చదువుకుని నవ్వుకునేవారు. ఊళ్లో ఉన్న ప్రతి గోడ మీదా ‘ఇక్కడ రాయరాదు’ అని రాసుకుంటూ పోయేవాడికీ నీకూ తేడా ఏమిటి బావా అని మరదలు అడిగింది. వాడికి సున్నం ఖర్చు, నాకు అదీ లేదన్నారు.

ఇక ఆఫీసులో ఇంకొక మనిషి గురించి చెప్పుకోవాలి. మేనేజరు. ఆయనా అప్పుడప్పుడే కొత్తగా వచ్చారు. ఆయన నిఘంటువులో ఉన్నది ఒకే మాట: ఎవరు. లిఫ్టు ఆగిందంటే ఎందుకు ఆగిందని అడగరు, ఎవరూ అంటారు. లోపం జరిగితే నింపే కాగితంలో అప్పటిదాకా ఏం జరిగింది, ఎప్పుడు, ఎందుకు అని మూడే గళ్లు ఉండేవి. ఆయన వచ్చీ రాగానే నాలుగో గడి గీయించారు, ‘ఎవరు’ అని. ఆ గడిలో పేరు పడితే పర్మనెంటు వాళ్లకు ఫైల్లో మచ్చ. కాంట్రాక్టు వాళ్లకు మచ్చ ఉండదు, ఫైలే ఉండదు. ఆ ఎవరో తేల్చడానికి ఆయన ప్రోగ్రామింగు నేర్చుకోలేదు, ఒక బటన్ నేర్చుకున్నారు. అది నొక్కితే ప్రతి లైను పక్కనా దాన్ని చివరిసారిగా ముట్టుకున్నవాళ్ల పేరు వస్తుంది. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్లు దాన్ని పిలిచే మాటకు అర్థమే నింద. ఆఫీసులో మాత్రం దాన్ని ముద్దాయి బటన్ అనేవారు.

అలా ఉండగా, ఈ పెట్టెలు కొనుక్కున్న ఒక కంపెనీ ప్రధాన కార్యాలయంలో లిఫ్టు తలుపులు జనాన్ని కొరకడం మొదలుపెట్టాయి. తలుపు అయిదు సెకన్లు తెరుచుకుని ఉండాలి, రెండు సెకన్లు దాటగానే మూసుకుంటోంది. చేయో కాలో తగిలితే మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి ప్రాణభయం లేదు, పరువు భయమే. మూడు వారాలపాటు అక్కడి గుమాస్తాలు భుజాలు రుద్దుకుంటూ పనిచేసుకున్నారు. ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు, ఉద్యోగులు చురుగ్గా తయారయ్యారని కూడా అనుకున్నారట. నాలుగో వారం వాళ్ల డైరెక్టరు లోపలికెళ్లారు, ఆయన తోలుసంచీ బయట ఉండిపోయింది. తలుపులు దాన్ని పదమూడుసార్లు నమిలాయి. అది మాత్రం ఘోరమైన సాంకేతిక లోపమని అరగంటలో తేలిపోయింది.

కబురు రాగానే మరదలు ఆ ఫైలు తెరిచింది. తేడా వచ్చిన లైను దొరికింది. ఆ లైను తనదే. రెండు నెలల కిందట తలుపు సమయాన్ని ‘మూల సమయం ప్లస్ రెండు’ అని మాక్రోగా రాసింది. చుట్టూ బ్రాకెట్లు పెట్టలేదు. మూల సమయం మూడు సెకన్లు, రెండు కలిపితే అయిదు. ఇంకొక ఫైలులో ఆ పేరును పదితో గుణిస్తారు, పెట్టె సెకనుకు పది టిక్కులు లెక్కపెడుతుంది కాబట్టి. యాభై రావాలి. కానీ పోస్టర్ల మనిషి ఉన్నది ఉన్నట్టు అంటించాడు: మూడు ప్లస్ రెండు ఇంటూ పది. ముందు గుణకారం, తర్వాత కూడిక. ఇరవై మూడు. ఎనమ్‌లో రాసి ఉంటే ముందే అయిదని లెక్కకట్టి కూర్చునేది. దాన్ని పరీక్షించిన ఇంజనీరు పరుగుపందేల మనిషి, అతను రెండు సెకన్లలో లోపలికీ బయటికీ కూడా దూకగలడు.

ఆమె ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. భర్త ఆరు నెలలుగా పని వెతుక్కుంటున్నాడు. కాంట్రాక్టు పొడిగింపు వచ్చే నెల. ఇవన్నీ అట్టగోడ అవతల ఉన్న మనిషికి తెలిసినవే. ఆమె లేచి నిలబడి, గోడ మీదుగా ఆ లైను చూపించింది. ఆయన కళ్లజోడు ఎత్తి చూశారు, దించి చూశారు. మాక్రో చూస్తే ఎగిరిపడే మనిషి, ఒక్క మాట దెప్పలేదు. బ్రాకెట్లు అన్నారు. అంతే. తర్వాత, భోజనం చేశావా అని అడిగారు.

విచారణ మరుసటి రోజు పదకొండింటికి. సూటిగా ఒప్పేసుకోవాలని ఆమె నిశ్చయించుకునే వెళ్లింది. కానీ ఒప్పుకోవడానికి సందు దొరకాలి కదా. ఎనమ్‌గారు బోర్డు దగ్గర నిలబడి మాక్రోల పుట్టుక దగ్గర మొదలుపెట్టారు. పోస్టర్లవాణ్ణి తెచ్చారు, పిలవని పెళ్లిని తెచ్చారు. పావుగంటకు కిటికీ పక్కనున్నవాళ్లు రోడ్డు చూస్తున్నారు, అరగంటకు రోడ్డున పోయేవాళ్లు వీళ్లను చూసి జాలిపడుతున్నారు. మధ్యమధ్యలో మేనేజరు, ఇంతకీ ఎవరూ అంటున్నారు. మాక్రో అని ఈయన అంటున్నారు. ఇలా అయిదుసార్లయింది. గంటా ఇరవై నిమిషాల తర్వాత మేనేజరు ఓపిక నశించి, ఆ లైనును గోడ మీది పెద్ద తెర మీదికి తెప్పించి, బటన్ నొక్కారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేయి దానంతటదే భుజం మీదికి పోయింది.

తెర మీద పేరొచ్చింది. ఆమెది కాదు. ఎనమ్‌గారిది. లైను చివర ఆయన కామెంటు కూడా తాటికాయంత అక్షరాల్లో కనిపిస్తోంది: ‘ఇంత ముద్దుగా రాశావు, ఎనమ్‌లో రాస్తే ఏం పోయేది.’ ఆ లైనును చివరిసారి ముట్టుకున్నది ఆయనే మరి. దాని వెనక చరిత్ర ఇంకా తవ్వితే అసలు పేరు దొరుకుతుంది. కానీ అందుకు రెండో బటన్ ఒకటుందని మేనేజరుకు తెలియదు.

ఆమె లేచింది. "సర్, అది నేను..."

"కూర్చోమ్మా," అన్నారు బావగారు, తిరిగి చూడకుండానే. "అడుగుతోంది నన్ను."

ఈ లైను మీదేనా అని మేనేజరు అడిగారు. ఇరవై ఆరేళ్ల మనిషి మళ్లీ పట్టుబడ్డాడన్న ఆనందం ఆయన గొంతులో దాగడం లేదు.

"దాన్ని చివరిసారి ముట్టుకున్నది నేనే. బ్రాకెట్లు లేవని అప్పుడే చూడాల్సింది, చూడలేదు. డిఫైన్ అన్న మాట కనబడ్డాక మిగతా లైను నాకు కనబడదండీ. రాసుకోండి."

అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. మేనేజరు నాలుగో గడి నింపుకున్నారు. ఎందుకు అన్న మూడో గడిలో ఏం రాయాలో తోచక, గంటన్నరగా చెవిలో జోరీగలా మోగుతున్న మాటే రాసేశారు: మాక్రో.

 మరుసటి రోజు ఉదయమే ఆమె మేనేజరు గదికి వెళ్లి, తలుపు వేసి, ఆ లైను రాసింది తానేనని, బావగారు పక్కన కామెంటు మాత్రమే పెట్టారని, కాగితం దిద్దమని చెప్పింది. మేనేజరు తన పెన్నుకు మూత పెట్టేశారు. నివేదిక అప్పటికే పైకి వెళ్లిపోయింది. ముద్దాయిని తానే స్వయంగా, ఒక్క నిమిషంలో, ఆధునిక పద్ధతిలో పట్టుకున్నానని అందులో రాసుకున్నారు. పైవాళ్లు మెచ్చుకుంటూ జవాబు కూడా పంపారు.

"మీరు నాకేమీ చెప్పలేదు," అన్నారు. "నేనేమీ వినలేదు. దయచేసి మీరు కూడా వినకండి."

ఎవరు ఎవరని ఏడాదిన్నరగా ఊపిరాడనివ్వని మనిషి, తీరా ఆ ఎవరు తన కాళ్లతో నడిచొస్తే వద్దని బతిమాలుకున్నారు. ఆమె లేచి వస్తుంటే వెనకనుంచి ఆయన గొణిగారు: అసలు ఇంత అజాగ్రత్త మనిషిని కంపెనీ ఇన్నేళ్లు ఎలా భరించిందో, తాను వచ్చాక ఆ నాలుగో గడిలో ఆయన పేరు పడటం ఇది ఆరోసారి.

ఆరు అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. బల్ల దగ్గరికొచ్చి ఆ ఆరు లోపాలూ బయటికి తీసింది. రెండో బటన్ ఆమెకు తెలుసు. ఆరింటికీ అసలు రాసినవాళ్లు ఆరుగురు. ఒకరు అప్పుడు ప్రసవానికి వెళ్లబోతున్న అమ్మాయి. ఒకరు తండ్రి ఆసుపత్రిలో ఉంటే రోజూ అక్కడినుంచే వచ్చిపోయిన ఆయన. ఒకరు ఇంకా ప్రొబేషనులో ఉన్న కొత్త ఉద్యోగి. ఎవరి పేరూ ఎక్కడా పడలేదు. అన్నిటి మీదా ఒకటే పేరు, పక్కన ఒక దెప్పిపొడుపు. ఆమె ఇంకొక సంగతి కూడా చూసింది. నాలుగో గడి గీయించిన ఉత్తరువు ఏడాదిన్నర కిందట ఒక సోమవారం వచ్చింది. మొట్టమొదటి మాక్రో చివర మొట్టమొదటి కామెంటు మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి పడింది.

ఆమె అట్టగోడ మీదుగా చూసింది. బట్టతల వంచుకుని ఆయన ఎవరి మాక్రోకో సీరియస్‌గా చీవాట్లు రాస్తున్నారు. అడిగితే ఏమంటారో ఆమెకు తెలుసు. మాక్రో అంటే ఒళ్లు మంట, అందుకే రాశాను అంటారు. అందుకని అడగలేదు. తన లైనును మాత్రం ఆ మధ్యాహ్నమే ఎనమ్‌గా మార్చేసింది.

వాళ్లిద్దరి ఇళ్లూ ఒకే మెట్ల వరస మీద, ఆమెది కింద, అక్కవాళ్లది పైన. సాయంత్రం పిల్లల్ని చదువుకు కూర్చోబెట్టి ఆమె పైకి వెళ్లింది. బావ పాలకోసం వెళ్లారట. అక్క బాల్కనీలో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఉంది. మొక్కలకు వాటంతటవే నీళ్లు పోసే పెట్టె ఒకటి మీ బావ పది రోజులు కష్టపడి చేశాడే, అది ఇవాళ మొక్కలతోపాటు నన్ను కూడా పెంచుదామనుకుంటోంది, కాస్త చూడు అంది.

ఆమె లోపలికెళ్లి ఆయన కంప్యూటరు తీసి ఆ ప్రోగ్రాము చూసింది. అరవై లైన్లు. పై నుంచి కిందిదాకా డిఫైన్, డిఫైన్, డిఫైన్. ఎన్ని నిమిషాలు, ఎన్ని కుండీలు, ఎన్ని చెంబులు, అన్నీ మాక్రోలే. ఎనమ్ మందుకైనా లేదు. కొన్నిటికి బ్రాకెట్లు కూడా లేవు. ఇది రాస్తున్న పది రోజులూ ఆయన ఏమైనా చిరాగ్గా ఉన్నారా అని అక్కను అడిగింది. చిరాకా, ఈల వేసుకుంటూ రాశాడు అని అక్క బాల్కనీలోంచి జవాబిచ్చింది.

పాల ప్యాకెట్టుతో బావగారు వచ్చారు. తెర చూశారు, మరదల్ని చూశారు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికినవాడిలా ప్యాకెట్టు వెనక్కి పెట్టుకున్నారు.

"ఏంటి బావా ఇది?"

"చిన్న ప్రోగ్రామే కదా. దీనికి మాక్రోలు చాలు."

"మాక్రో అంటే నీకు ఒళ్లు మంట కదా."

ఆయన తలుపు సందులోంచి బాల్కనీ వైపు ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించారు.

"ఆఫీసులో అయితే ఎవరు చేశారని వెతుకుతారే. అక్కడ తప్పు తోసేయడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇంట్లో ఆ బాధ లేదు."

అక్క లోపలికొచ్చింది. బాల్కనీ అంతా నీళ్లు చేసింది ఎవరని అడగలేదు. తుడిచే గుడ్డ తెచ్చి ఆయన చేతికిచ్చి, పాల ప్యాకెట్టు అందుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.